ఉపాధ్యాయుల సొంత ఖర్చు – పన్ను మినహాయింపు

ఎచ్చెర్ల మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు చార్టులు, స్కెచ్ పెన్నులు, పూసల చట్రం సొంత డబ్బుతో కొని రసీదులు దాచుకున్నా, ఆ మొత్తాన్ని ఆదాయం నుంచి తగ్గించి చూపడానికి 2026 మార్చి వరకు అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టంలో ప్రత్యేక నిబంధన ఏదీ లేదు. జీతంపై అనుమతించే తగ్గింపులను ఆ చట్టంలోని సెక్షన్ 16 పేర్కొంది. వాటిలో ముఖ్యమైనది ప్రామాణిక తగ్గింపు, అంటే రసీదులతో పనిలేకుండా ఉద్యోగులందరికీ ఒకే మొత్తంలో ఇచ్చే ఊరట. 2005 ఆర్థిక చట్టంతో రద్దయిన ఇది 2018లో రూ.40,000గా తిరిగివచ్చి, 2019లో రూ.50,000కు, 2024లో కొత్త పన్ను విధానంలో మాత్రమే రూ.75,000కు పెరిగింది.

చాలామంది తరచుగా పొరబడేది అదే చట్టంలోని సెక్షన్ 10(14) దగ్గర. విద్యా, పరిశోధన, శిక్షణల కోసం యజమాని ఇచ్చే భత్యానికి, ఖర్చయిన మేరకు, ఆదాయపు పన్ను నియమాల్లోని 2బిబి నియమం కింద మినహాయింపు ఉన్నప్పటికీ, అది పాత పన్ను విధానానికే పరిమితం. పైగా భత్యమే అందని ఉపాధ్యాయుడికి అది వర్తించదు. బోధన సామగ్రి ఖర్చును ప్రభుత్వం పన్ను మినహాయింపు ద్వారా కాక, సమగ్ర శిక్ష పథకం కింద మిశ్రమ గ్రాంటు రూపంలో బడికే ఇస్తుంది. అయితే 30 మందిలోపు పిల్లలున్న బడికి ఏడాదికి రూ.10,000 అనే ప్రమాణం కరెంటు, నీరు, పారిశుద్ధ్యం వంటి అవసరాలను కూడా కలుపుకొన్నది కాబట్టి, చిన్న బడులకు అది నిజంగా చాలదు.

అమెరికాలో మాత్రం 2002 నుంచి ఉపాధ్యాయుల సొంత ఖర్చుకు ప్రత్యేక పన్ను తగ్గింపు ఉంది: ఏడాదికి కనీసం 900 గంటలు పనిచేసిన పాఠశాల ఉపాధ్యాయులకు తొలుత 250 డాలర్లు, 2022లో 300 డాలర్లు.