నేరేడు పండ్లను ఏరుకొనుట, ఇంట వాడుకొనుట

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి చినుకులు పడుసరికి మన యూళ్ల చెరువుగట్లమీదను, దొడ్లలోను నేరేటి చెట్లు నల్లని పండ్లతో నిండును. ఇది కొద్ది వారముల పంట. ఈ దినములలో గ్రామములు తిరుగునప్పుడు ఏటేట ఒకే సంగతి మా కంటబడుచున్నది. మంచి పండ్లు బుట్టల కెక్కి సంతకు పోవును. చితికి మట్టి యంటినవి ఇంటి బిడ్డలకు దక్కును. చెట్టును పెంచినవారి బిడ్డలకు చెట్టుక్రింది తాలు మిగులుట న్యాయముగాదు. కావున పండును ఏరు విధమును, ఇంట వాడు విధమును సభ్యులగు రైతులకు మనవి చేయుచున్నాము.

పండును గుర్తించుట

నేరేడు కాయ మొదట ఆకుపచ్చగ నుండి, పిమ్మట గులాబివన్నెకు తిరిగి, ఎఱ్ఱబడి, తుదకు నలుపుతో గూడిన ఊదావన్నె దాల్చును. మామిడివలె దీనిని గడ్డిలో మాగవేయ వీలులేదు, చెట్టుమీదనే పండవలయును. ఎఱ్ఱగ నుండగ కోసినదానికి బుట్టలో తీపి పుట్టదు. తొడిమ మొదలువరకు నలుపెక్కి, తోలు బిగువుగ నుండి, వ్రేళ్లతో మెల్లగ నొక్కిన కొంచెము మెత్తబడు పండునే ఏరుడు. రసము కారునది, ముడుతలు పడినది, పులిసిన వాసన గలది విడువవలయును. అల్లనేరేడునకు కండ మెండు, గనుక తినుటకు మేలు. చిన్న నేరేడునకు గింజ పెద్దది, గనుక దానిని రసమునకు వాడుకొనవచ్చును.

కోత, భద్రము

చెట్టంతయు ఒక్కసారి పండదు, గనుక పండిన మట్టుకు దినదినము కోయవలయును. కొమ్మను కుదిపి నేలరాల్చిన పండునకు తోలు చిట్లును. చిట్లినచోటనే పులియుట మొదలిడును. చిక్కము కట్టిన గడతో కోయుడు. లేదా నలుగురు దుప్పటి పట్టుకొని నిలిచి అందులో రాల్చుకొనుడు. నేరేటి కొమ్మ పెళుసు. వానకు తడిసిన చెట్టుపైకి బాలుర నెక్కింపకుడు.

ఒక సంవత్సరము మేము కొందరు రైతులతో గూడి, రాలినవానిని కోసినవానిని కలిపి లోతైన గంపలకెత్తి, రాత్రి బండిమీద పట్టణమునకు పంపితిమి. తెల్లవారుసరికి అడుగు పండ్లు రసమై కారుచుండెను. వర్తకుడు సగమునకే వెలగట్టెను. అతని నిందించి లాభములేదు, తప్పు మాదే. నాటినుండి లోతులేని తట్టలలో ఆకులు పరచి, రెండుమూడు వరుసలకు మించకుండ పేర్చుడని చెప్పుచున్నాము. నీడనుంచినను పండు రెండు దినములకంటె బాగుగ నిలువదు. తినబోవునప్పుడే కడుగవలెను, ముందుగ కడిగిన త్వరగ చెడును.

భోజనమున వాడుక

కడిగిన పండ్లపై చిటికెడు ఉప్పు చల్లి కొంతసేపుంచిన వగరు తగ్గును. పసిబిడ్డలకు గింజ తీసి పెట్టుడు. గింజ తీసిన కండను గట్టి పెరుగున కలిపి, ఉప్పు వేసి, ఆవాలు, పచ్చిమిరప తిరుగబోత పెట్టిన అన్నములోనికి పెరుగుపచ్చడి యగును. కండను పిసికి వడగట్టి, బెల్లము, నీళ్లు, మిరియాలపొడి చేర్చిన పొలమునుండి వచ్చినవారికి చక్కని పానకము. పండ్లు మిక్కిలిగనున్న, కండకు సమానమైన తూకము పంచదారయు, కొంచెము నిమ్మరసమును చేర్చి చిక్కబడువరకు ఉడికించి, వేడినీట కడిగి ఆరబెట్టిన గాజుసీసాలో నుంచుడు, రొట్టెలతో తినవచ్చును. ఈ పండు పులుపు గలది, గనుక కళాయి లేని రాగి, యిత్తడి పాత్రలలో నుంచరాదు.

రెండు మాటలు

నేరేడు తిన్న కడుపులోని వెండ్రుకలు కరగునని పెద్దలందురు. వెండ్రుకను కరగించు శక్తి ఈ పండునకు లేదు. అయినను ఆ మాటవలన ఏటికొకసారియైన అందరును పండు తినుచుండుట మేలే. మధుమేహమునకు నేరేడే మందని నమ్మి వైద్యుడిచ్చిన మందు మానుట మాత్రము ప్రాణాపాయము. ఈ పండులోను చక్కెర కలదు. మందు వేసికొనుచు, వైద్యునడిగి, మితముగ తినుడు.

నగరపు దుకాణములలో ఇప్పుడు బ్లూబెర్రీ యను అమెరికా ఖండపు పండును చిన్న డబ్బాలలో ప్రియముగ అమ్ముచున్నారు. ఆ రెండు చెట్లును వేరువేరు కుటుంబములవి. అయినను దాని నీలివన్నెకును, మన నేరేటి నల్లవన్నెకును కారణము ఆంథోసయనిన్లనబడు ఒకే తెగ వర్ణద్రవ్యములే. అంత ఆదరముతో కొనునట్టి వన్నె మన గట్టుమీద ఊరక రాలి మట్టిపాలగుచున్నది.

కావున ఈ యేడు తట్టను సంతకెత్తుటకు ముందే ప్రతి సభ్యుడును దోసెడు మేలైన పండ్లు తీసి ఇంటనుంచుగాక. మిగిలినవానిని పలువురు కలిసి, కోసిననాడే తరగతులుగ ఏరి, ఒక్కబండిమీద పంపినయెడల కూలియు తగ్గును, వెలయు నిలుచును. అమ్మినది అప్పు తీర్చును. బిడ్డ తిన్నది ఇంటికి బలమగును. రెండును రైతునకు రాబడియే.