పెరట్లో కొత్త పావురం వాలిందా? ముందు కోళ్లను చూసుకోండి

పసుపు ఉడకబెట్టి కల్లంలో ఆరబోసే రోజుల్లో, ఎర్రజొన్న కోతలప్పుడు, కమ్మర్‌పల్లి, మోర్తాడు, బాల్కొండ, ఆర్మూరు ప్రాంతాల్లో ఇళ్ల చుట్టూ పావురాలు తిరగడం మామూలే. గుడి గోపురాల మీద, పాత గోదాముల్లో, బావి గోడల సందుల్లో ఉండే ఈ పావురాలు గుంపుగా వచ్చి నాలుగు గింజలు ఏరుకొని పోతాయి. అవి మనిషిని చూస్తే లేచిపోతాయి. కానీ ఎప్పుడో ఒకరోజు ఒంటరి పావురం ఒకటి వచ్చి బర్రెల కొట్టం మీదో, గడ్డివాము పక్కనో వాలుతుంది. దగ్గరికి పోయినా ఎగరదు. కోళ్ల మధ్యకు దిగి వాటి గింజలే తింటుంది, వాటి మూకుట్లోనే నీళ్లు తాగుతుంది. ఇది ఎవరో పెంచుకుంటున్న పావురం. దారి తప్పి అలసిపోయి మీ ఇంటికి వచ్చింది.

దీన్ని ఏం చేయాలి? పిల్లి నోటికి వదిలేయాలా, కూర వండుకోవాలా, అంగట్లో అమ్ముకోవాలా? మూడూ కాదు.

ఎక్కడివి ఇవి?

హైదరాబాద్ పాతబస్తీలో మిద్దెల మీద పావురాలు పెంచి ఎగరేసే అలవాటు తరతరాలుగా ఉంది. చార్మినార్ దగ్గరి ముర్గీచౌక్‌లో కోళ్లతోపాటు పావురాలూ అమ్ముతారు. చెన్నై, బెంగళూరుల్లో పందెపు పావురాలు పెంచేవాళ్లున్నారు. వాటిని బుట్టల్లో వందల కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి వదులుతారు, అవి తిరిగి సొంత గూటికి చేరాలి. గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంతో పోయే పక్షి ఇది. డేగ తరిమినా, ఎదురుగాలి కొట్టినా, వాన పట్టుకున్నా దారి తప్పుతుంది. ఆకలితో, దాహంతో ఎక్కడ గింజలు, నీళ్లు, మనుషులు కనిపిస్తే అక్కడ దిగుతుంది. మన కల్లాల్లో ఈ మూడూ ఉంటాయి.

రంగు చూసి పోల్చుకోవడం కష్టం. తెల్లవి, ఎర్రవి, కాళ్లకు ఈకలున్నవి చాలావరకు పెంపుడువే. పందెపు పావురం మాత్రం రెక్క మీద రెండు నల్ల చారలతో గుడి పావురం లాగే ఉండొచ్చు. కాలికి కడియం ఉందా లేదా అన్నదే అసలు గుర్తు.

మొదటి పని: కోళ్ల నుంచి వేరు చేయడం

పది కోళ్లు పెంచుకునే ఇంటికి ఇదే పెద్ద సంగతి. కోళ్లను ఒక్క దెబ్బకు ఊడ్చేసే కొక్కెర తెగులు (రాణిఖేత్) వంటిదే పావురాలకూ ఒకటి ఉంది. అది సోకిన పావురం మెడ ఒక పక్కకు తిప్పుకుంటుంది, గింజను గురి చూసి పొడిచినా అందుకోలేదు, నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఆకుపచ్చగా పలచగా రెట్ట వేస్తుంది. ఆ వైరస్ కోళ్లకూ అంటుకోగలదు. పైకి బాగానే కనిపించే పావురం కూడా తెగులును మోసుకురావచ్చు. అందుకని పావురం దిగిన రోజు నుంచే దాని గింజలు, నీళ్లు వేరే చోట పెట్టాలి. కోళ్ల మూకుడు కడిగి ఎండలో పెట్టాలి. పావురాన్ని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోనిదే కోళ్ల గూటి దగ్గరికి పోవద్దు.

ఇక కోళ్లకు టీకాలు వేయించారా? పిల్లలకు మొదటి వారంలో ఎఫ్-1 గానీ లసోటా గానీ, 6 నుంచి 8 వారాల వయసులో ఆర్-2బి వేయించాలి. టీకా పడని కోళ్లుంటే దగ్గరి పశువైద్యశాలలో ఆరా తీయండి. పావురం వచ్చినా రాకపోయినా ఇది చేయవలసిన పనే.

నీళ్లు, గింజలు

అలసిన పావురానికి గింజల కంటే నీళ్లు ముందు కావాలి. ఇది కోడిలాగా చుక్క చుక్కగా తీసుకొని తల ఎత్తి మింగదు. ముక్కు ముంచి బర్రె తాగినట్టు పీల్చుకుంటుంది. కాబట్టి పళ్లెంలో పలచగా పోస్తే తాగలేదు, ముక్కు మునిగేటట్టు అంగుళం లోతైనా ఉండాలి. బాగా నీరసంగా ఉంటే మొదటిసారి నీళ్లలో చిటికెడు గ్లూకోజ్ పొడి కలపవచ్చు. నోరు తెరిచి నీళ్లు పోయడం మాత్రం వద్దు. నీళ్లు ఊపిరి గొట్టంలోకి పోయి పక్షి అక్కడికక్కడే చస్తుంది.

గింజలంటే జొన్నలు, సజ్జలు, పెసర్లు, గోధుమలు, పగలగొట్టిన మక్కలు. రోజుకు 30, 40 గ్రాములు, అంటే గుప్పెడు చాలు, అదీ రెండు పూటలుగా. అన్నం, రొట్టె, తవుడు వేయొద్దు. మంచి మనసుతో పెట్టే ఉప్పు బూందీ కూడా వద్దు.

విత్తనం సంచిలో మిగిలిన గింజలు మాత్రం పొరపాటున కూడా వేయొద్దు. ఎరుపు, గులాబీ, నీలం రంగు పట్టిన జొన్న, మక్క విత్తనాలకు శిలీంద్రనాశినో, ఇమిడాక్లోప్రిడ్ వంటి పురుగుమందో పట్టించి ఉంటుంది. అవి కొన్ని తిన్నా పావురానికి ప్రాణాపాయమే, కోళ్లకూ అంతే. పెరట్లో వాలిన పావురం వణుకుతూ, నోటి నుంచి చొంగ కారుస్తూ నిలబడలేకపోతే ఏదో చేనులో మందు గింజలు తిన్నదని అనుమానించాలి. దాన్ని పశువైద్యుడికి చూపించండి. అది చచ్చిపోతే లోతుగా పూడ్చాలి. కుక్కకు వేయకూడదు, మనుషులు తినడమైతే మాటే వద్దు.

పట్టుకోవడం ఎలా?

తరమొద్దు. తరిమితే అలసిన పక్షి ఇంకా అలసిపోతుంది, లేదా కరెంటు తీగకు తగులుతుంది. నీడపట్టున ఒక కొట్టంలోకి గింజలు చల్లుకుంటూ పోతే అదే నడిచి వస్తుంది, అప్పుడు తలుపు దగ్గరికి వేయాలి. చీకట్లో పావురానికి సరిగ్గా కనిపించదు. పొద్దుగూకినాక మెల్లగా రెండు చేతులతో పట్టుకుంటే కదలదు. రెండు కాళ్లు వేళ్ల మధ్య, రెక్కలు బొటనవేళ్ల కింద ఉండాలి. ఛాతీ నొక్కితే ఊపిరాడదు. రాత్రికి గంప కింద మూసి మీద బరువు పెట్టండి, లేదా రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో పేపరు పరిచి ఉంచండి. పిల్లి, ముంగిస, పాము అందుకోని చోట పెట్టాలి.

పట్టుకున్నప్పుడే రెక్కలు విప్పి చూడాలి. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల మాంజా చుట్టుకొని రెక్కలు తెగిన పక్షులు కనిపిస్తాయి. నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించినా వాడకం ఆగలేదు. దారం ఉంటే లాగొద్దు, కత్తెరతో ముక్కలుగా కత్తిరించి తీయాలి. లోతు గాయమైతే పశువైద్యశాలకు తీసుకుపోవాలి. నోట్లో పసుపుపచ్చని పెరుగు గడ్డల్లాంటివి కనిపించినా వైద్యుడికే చూపించాలి.

తల మీద పసుపు నూగు ఇంకా ఉన్నది, ముక్కు పెద్దగా కనిపించేది దారి తప్పిన పావురం కాదు, గూటి నుంచి జారిన పిల్ల. గూడు అందితే అందులో పెట్టేయండి. తల్లిదండ్రులు వచ్చి మేపుతాయి.

కడియం మీద ఏముంది?

ఈ కడియాన్ని పిల్లకు వారం వయసున్నప్పుడే తొడుగుతారు. కాలు పెరిగాక ఊడిరాదు. కత్తిరించొద్దు, అందులోనే దాని ఊరు పేరు ఉంటుంది. సంస్థ అక్షరాలు, పుట్టిన ఏడాది, వరుస సంఖ్య ఉంటాయి. కొందరు కడియం మీద గానీ రెక్క ఈకల మీద గానీ ఫోన్ నంబరు ముద్ర వేస్తారు. నంబరుంటే ఫోన్ చేయండి. పక్షి కోసం ఎదురుచూసేవాళ్లకు ఆ కబురు ఎంత విలువైనదో పశువులు తప్పిపోయిన రైతుకు చెప్పనక్కర్లేదు.

కడియం చూడగానే గూఢచారి పావురం అని ఊరంతా గోల చేయడమూ ఉంది. 2020 మే నెలలో జమ్మూలోని కఠువా సరిహద్దులో ఒక పావురాన్ని అలాగే పట్టుకున్నారు. కడియం మీద ఉన్నది తన ఫోన్ నంబరేనని అవతలి ఊరి యజమాని చెప్పాడు. విచారణలో ఏమీ తేలక దాన్ని వదిలేశారు. ముంబైలో 2023 మేలో దొరికిన పావురం సంగతి ఇంకా విచిత్రం. రెక్కల మీద చైనా అక్షరాల్లాంటివి ఉన్నాయని ఎనిమిది నెలలు పశువుల ఆస్పత్రిలో ఉంచారు. చివరికి అది తైవాన్ పందెపు పావురమని తేలి 2024 జనవరిలో విడుదలైంది. పావురాలతో కబుర్లు పంపడం ఉన్న మాటే. ఒడిశా పోలీసుల పావురాల విభాగం 1946లో మొదలైంది, 1999 తుపానులో ఫోన్లు మూగబోయినప్పుడు కూడా పనికొచ్చింది. కాలికి కెమెరానో, మరే పరికరమో కట్టి ఉంటే తప్పకుండా పోలీసులకు అప్పగించాలి. ఉత్త కడియమైతే భయం లేదు.

వదలడం

రెండు రోజులు తిని, తాగి, విశ్రాంతి తీసుకుంటే ఎక్కువ పావురాలు వాటంతట అవే పోతాయి. పోకపోతే వాన లేని రోజు ఉదయం కొద్దిగా మేపి, చెట్లు, తీగలు లేని ఖాళీ చేనులోకి తీసుకెళ్లి అరచేతి మీద పెట్టండి. పైకి విసరొద్దు. మళ్లీ మీ ఇంటికే వచ్చి దిగితే గింజలు మానేయాలి, నీళ్లు మాత్రం ఉంచాలి. గింజలు వేస్తూ ఉంటే అది ఉండిపోతుంది, దాని వెంట ఇంకో పది చేరతాయి.

అక్కడే పసుపు రైతుకు నష్టం. పావురం పసుపు కొమ్ములు తినదు గానీ కల్లం మీద తిరుగుతూ రెట్ట వేస్తుంది. ఆ రెట్టలో సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉండొచ్చు. ఎగుమతి సరుకులో దానికీ, పక్షుల పెంటకూ పరీక్షలు చేస్తారు. అందుకే పావురానికి గింజలు కల్లానికి దూరంగా, పెరటి మూలన వేయాలి. రెట్ట పడిన కొమ్ములను కుప్పలో కలపకుండా ఏరేయాలి. కొట్టంలో ఎండిన రెట్టను ఊడ్చేటప్పుడు ముందు నీళ్లు చల్లి, ముక్కుకు తువ్వాల కట్టుకోవాలి, ఆ దుమ్ము మనుషుల ఊపిరితిత్తులకు మంచిది కాదు. పావురం ఉన్న చోట కడిగి సున్నం చల్లినాక ఆ కొట్టంలోకి కోళ్లను వదలొచ్చు.