టికెట్ మీద రెండు గంటలు, గాలిలో పద్నాలుగున్నర

ఈ లెక్క మీ పిల్లల్ని అడిగి చూడండి. అక్టోబరు నెలలో ఢిల్లీ నుంచి తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరిన విమానం అదే రోజు ఉదయం 6 గంటలకు శాన్ ఫ్రాన్సిస్కోలో దిగింది. ప్రయాణం ఎంతసేపు?

లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకునేవాళ్లు కూడా తడుముకోకుండా "రెండు గంటలు" అనేయవచ్చు. అప్పుడు దూరం 15,300 కిలోమీటర్లని చెప్పి వేగం కట్టమనండి. గంటకు 7,650 కిలోమీటర్లు వస్తుంది. అక్కడ పెన్ను ఆగితే సంతోషం. ఆగకుండా జవాబు కింద గీత గీసేస్తేనే మనం ఆలోచించాలి. సూత్రం వచ్చింది గానీ, అందులో ఏ కాలం వేయాలో తెలియలేదన్నమాట.

టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కో మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. అక్కడ ఉదయం 6 అంటే ఇక్కడ సాయంత్రం 6:30. తెల్లవారుజామున 4 నుంచి అప్పటిదాకా పద్నాలుగున్నర గంటలు. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి తేడా పదమూడున్నర అవుతుంది. అక్కడ మేనమామో పెద్దమ్మో ఉన్న పిల్లలకు వీడియో కాల్స్ వల్ల ఈ సంగతి ముందే తెలిసుంటుంది.

ఇప్పుడు వేగం గంటకు దాదాపు 1,055 కిలోమీటర్లు. ఇదీ ఎక్కువే, ఎందుకంటే పెద్ద విమానాలు మామూలుగా 900 దగ్గర ఎగురుతాయి. మిగతాది గాలి పుణ్యం.

బయల్దేరే, దిగే సమయాలు లెక్క కోసం వేసుకున్నవే గానీ, దూరం, పద్నాలుగున్నర గంటలు నిజంగా జరిగినవి. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకు మార్చింది. పాత దారి సుమారు 13,900 కిలోమీటర్లే, కానీ సమయం ఎక్కువ పట్టేది. బాగా ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. అట్లాంటిక్ దారిలో అది ఎదురుగాలి, పసిఫిక్ దారిలో వెనక నుంచి తోసే గాలి. గోదావరిలో వాలుకు వెళ్లే పడవ, ఎదురెక్కే పడవ లెక్కే ఇది. పాఠ్యపుస్తకంలో పడవ లెక్క చేసినవాళ్లకు కొత్తదేమీ కాదు.

ఇంట్లో గ్లోబ్ ఉంటే ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు ఒక దారం బిగించి పట్టమనండి. అది పసిఫిక్ మధ్య నుంచి పోదు, సైబీరియా దాటి ఆర్కిటిక్ మీదుగా పోతుంది. అదే అతి దగ్గరి దారి, సుమారు 12,400 కిలోమీటర్లు. అట్లాస్‌లో స్కేలు పెట్టి కొలిస్తే ఇది దొరకదు.

తిరుగు ప్రయాణం లెక్క పిల్లలకే వదిలేయండి. అక్టోబరులో ఉదయం 10కి శాన్ ఫ్రాన్సిస్కోలో బయల్దేరి 16 గంటలు ఎగిరితే ఢిల్లీలో ఎప్పుడు దిగుతారు? జవాబు: మర్నాడు మధ్యాహ్నం 2:30.