సైబరు రక్షణ: విద్యార్థి బృందముల పోటీలు

హ్యాకింగు అను మాట వినబడగనే మన గ్రామములలో అందరికిని తోచునది బ్యాంకు ఖాతాలోని సొమ్ము మాయమగుట. కావున కళాశాలలో చదువు పిల్లలు "హ్యాకింగు పోటీలో పాల్గొనుచున్నాము" అని చెప్పినచో తల్లిదండ్రులు కలతపడుట సహజము. అట్టివారు సలహాకై పంచాయతీ సభ్యుల కడకే వత్తురు. సలహా చెప్పవలసినవారికి ఈ పోటీల స్వరూపము తెలిసియుండవలెనని తలంచి దీనిని వ్రాయుచున్నాము.

తాళములు చేయువాడు ఇంటి యజమాని కోరికపై తలుపును పరీక్షించి, ఈ గడియ బలహీనముగా నున్నదని చెప్పిపోవును. అదే నేర్పుతో పిలువకుండ రాత్రివేళ వచ్చువాడు దొంగ. పనిముట్లు ఒక్కటే, భేదమంతయు యజమాని అనుమతిలో నున్నది. కంప్యూటర్ల విషయమున అనుమతి పొంది, ఒప్పుకొన్న హద్దులు దాటక, కనుగొన్న లోపమును యజమానికే తెలియజేయుటను ఎథికల్ హ్యాకింగు అందురు. ఈత నేర్చుటకు నీరు కావలసినట్లు, ఈ విద్య నేర్చుటకు చొరబడుటకై అనుమతి గల కంప్యూటర్లు కావలెను. పోటీలు వానిని కల్పించుచున్నవి.

వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైన పద్ధతికి 'క్యాప్చర్ ది ఫ్లాగ్' అని పేరు. అనగా జెండాను చేజిక్కించుకొనుట. ఇచ్చట జెండా గుడ్డముక్క కాదు. కంప్యూటరులో దాచియుంచిన రహస్యమైన అక్షరముల వరుస. దానిని కనుగొని నిర్వాహకులకు అందజేసిన బృందమునకు మార్కులు లభించును. అమెరికాలో జరుగు డెఫ్‌కాన్ సమావేశమున ఇట్టి పోటీ 1996లో ఆరంభమైనది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా శాఖవారు 2003లో దీనిని విశ్వవిద్యాలయముల నడుమ పోటీగా నడిపిరి.

ఒక తరహా పోటీలో బృందములకు చిక్కుప్రశ్నల నిత్తురు. కొన్ని సంకేతలిపికి సంబంధించినవి. 'శలధ' అను మాటకు అర్థమేమి? వర్ణమాలలో ప్రతి అక్షరమునకు ముందున్న అక్షరమును వ్రాసికొనినచో 'వరద' అని తేలును. పోటీలలోని లిపులు ఇంతకంటె ఎంతయో జటిలములు గాని, మర్మము ఇట్టిదే. మరికొన్ని ప్రశ్నలు వెబ్‌సైటులలోని లోపములను గూర్చినవి. ఒక అర్జీదారుడు తన అర్జీ చివర "ఇతనికి వేయి రూపాయలు చెల్లించునది" అని తానే వ్రాయగా, గుమాస్తా దానిని అధ్యక్షుని ఉత్తరువుగా భ్రమించి సొమ్ము చెల్లించెననుకొనుడు. సరిగా రచింపబడని వెబ్‌సైటు కూడ ఇట్లే మోసపోవును. పేరు వ్రాయవలసిన గడిలో ఆజ్ఞను వ్రాసినచో దానిని శిరసావహించును. విద్యార్థులు ఈ పొరపాటును గుర్తించుటయే గాక, దానిని సవరించు విధమును గూడ నేర్తురు.

రెండవ తరహా మన చెడుగుడును పోలియుండును. ప్రతి బృందమునకును ఒకే విధమైన కంప్యూటరు నిత్తురు. ఎదుటివారి గిరిలోనికి దూరి జెండా తేవలెను; అదే సమయమున తన గిరిని కాచుకొనవలెను.

మాకు వీనియన్నిటికంటె మెచ్చదగినదిగా తోచునది టెక్సాస్ రాష్ట్రమందలి శాన్ ఆంటోనియోలో 2006లో తొలిసారి జాతీయస్థాయిని జరిగిన అమెరికా కళాశాలల సైబరు రక్షణ పోటీ. ఇందు విద్యార్థులు ఎవరిపైనను దాడి చేయరాదు. ఎనిమిదిమందికి మించని బృందమునకు, ఒక చిన్న సంస్థ కంప్యూటర్లను నడుచుచున్నవానిని నడుచుచున్నట్లే అప్పగింతురు. వానిలో లోపములు ముందే యుండును. ఆరితేరిన నిపుణులు దాడి చేయుచుందురు. ఆ ఒత్తిడిలోనే "క్రొత్త ఉద్యోగికి ఖాతా తెరువుడు", "జరిగినదానిపై నివేదిక పంపుడు" అను ఆదేశములు యాజమాన్యము పేర వచ్చుచుండును. భద్రతకై కంప్యూటరును ఆపివేసితిమనుట చెల్లదు. సేవ ఆగినచో మార్కులు తగ్గును. దొంగల భయమున పంచాయతీ కార్యాలయమునకు తాళము వేసికొని కూర్చుండుట పరిపాలన కాదు గదా! సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ బృందము 2014, 2015, 2016 సంవత్సరములలో వరుసగా ఈ పోటీని గెలుచుకొన్నది.

మన దేశమున కేరళలోని అమృత విశ్వవిద్యాపీఠమువారు 2010లో 'ఇన్‌సీటీఎఫ్' అను పోటీని ఆరంభించిరి. పాఠశాల విద్యార్థులకును దానిలో వేరొక విభాగమును తరువాత ఏర్పరచిరి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము 2013 నుండి నడుపుచున్న 'పికోసీటీఎఫ్'లో మన గ్రామమునుండియే, రుసుము లేకుండ, అభ్యాసము చేయవచ్చును.

ఇది పట్టణములవారి వేడుక యని సభ్యులు తలంపరాదు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ స్వరాజ్ విధానమున పంచాయతీ చెల్లింపు నొకరు సిద్ధపరుపగా మరియొకరు ఆమోదింతురు. ఇరువురికిని వేర్వేరు డిజిటల్ సంతకపు పరికరములు కలవు. ఆ రెండును, వాని పాస్‌వర్డులును ఒకే వ్యక్తి చేతిలో నున్నచో ఇద్దరి సంతకము ఒక్కరిదే యగును. రక్షణ పోటీలలో ఆరితేరిన బృందములు కంప్యూటర్లు చేతికి రాగానే పాత పాస్‌వర్డులను మార్చివేయును. అట్టి అభ్యాసము గల యువకుడు మన కార్యాలయపు అలవాట్లను చూచిన మొదటి గంటలోనే ఈ సంగతి ఎత్తిచూపగలడు.

అయినను అతడు పంచాయతీ కంప్యూటరును అడుగకుండ పరీక్షింపరాదు. అనుమతి లేక ప్రవేశించినవాడు 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 43వ సెక్షను క్రింద నష్టపరిహార బాధ్యుడగును. మోసబుద్ధితో చేసినచో 66వ సెక్షను ననుసరించి మూడు సంవత్సరముల వరకు జైలుగాని, 5 లక్షల రూపాయల వరకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. "మంచికే చేసితిని" అను మాట మొదటి సెక్షనునుండి కాపాడదు. ప్రభుత్వ వెబ్‌సైటులో లోపము కంటబడినచో 2004లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయుట సరియైన మార్గము. పిల్లలు పోటీకి పోవుదుమని అడిగినపుడు సభ్యులు ముందుగా చెప్పవలసినది ఇదియే.

పిదప చేయవలసిన సహాయము స్వల్పము. ఈ పోటీలు తరచుగా శని, ఆదివారములలో, కొన్ని ఇరువదినాలుగు గంటలు, కొన్ని నలువదియెనిమిది గంటలు ఎడతెగక సాగును. ఇంటర్నెట్టు గల పాఠశాల గదినిగాని గ్రంథాలయమునుగాని రాత్రియంతయు తెరచియుంచుటకు సంబంధితుల సమ్మతి పొంది పంచాయతీ తీర్మానము చేయవచ్చును. బాలికలును పాల్గొనుచున్నపుడు ఉపాధ్యాయినియో, తల్లులలో నొకరో తోడుండు ఏర్పాటు చేయవలెను. ఆ రాత్రి గది తాళపుచెవి ఎవరి వద్ద నుండునో తీర్మానములోనే వ్రాసియుంచుట మంచిది.