లెక్కపెట్టి కొన్న ల్యాపులు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్ల పందెం జరిగింది. గాంధీనగర్, అశోక్‌నగర్ వాళ్లకు అది పక్కపేటలో జరిగినట్టే. ఇందిరా పార్కు దాటితే ట్యాంక్‌బండే కదా! ఆ రోజు గెలిచిన ఫ్రెంచి డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ బ్యాటరీలో చివరి ల్యాపులకు మిగిలిన కరెంటు, వెనకే తరుముకొస్తున్న నిక్ కాసిడీ దగ్గరున్నదాని కన్నా తక్కువ. ఆ పోటీలో ప్రతి కారుకూ కొలిచి ఇచ్చిన కరెంటే ఉంటుంది. ఎక్కడ తొక్కాలి, ఎక్కడ కాలు తీసేయాలి అన్న లెక్క తెలియనివాడు ఎంత వేగగాడైనా గెలవలేడు. తక్కువ మిగిలినవాడే ఆ లెక్కతో ముందు నిలబడ్డాడు. మోటారు పందేలు డబ్బున్నవాళ్ల వేడుక అనే మాటను ఈ ఒక్క ఉదాహరణ కొట్టేయలేదు, ఆ కార్ల వెనక కోట్లున్నాయి. అయినా అందులో మనకు పనికొచ్చేది ఒకటుంది. చేతిలో ఉన్నది కొంచెమే అయినప్పుడు మనిషి దాన్ని వాడే తీరు మారుతుంది. తక్కువ ఖర్చుతో గో-కార్టింగ్‌లో దిగాలనుకునే యువతకు ఆ తక్కువతనమే మేలు చేస్తుందన్నది నా వాదన. విరివిగా ల్యాపులు కొనగలిగినవాడికి చప్పున అబ్బని ఒక గుణం, లెక్కపెట్టి కొన్నవాడికి అబ్బుతుంది.

అసలు ఈ ఆట పుట్టిందే చవకలో. 1956లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో ఆర్ట్ ఇంగెల్స్ అనే రేసు కార్ల మెకానిక్, గడ్డి కోసే యంత్రాల కోసం తయారైన చిన్న ఇంజిన్ తీసుకుని, ఇనుప గొట్టాల చట్రానికి బిగించి మొదటి కార్టు చేశాడు. ఇప్పటికీ అద్దె కార్టులో ఉండేది అంతే: గొట్టాల చట్రం, నాలుగు చిన్న చక్రాలు, సీటు, రెండు పెడళ్లు, వెనకో పక్కనో ఒక ఇంజిన్. మన దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు నాలుగో సంవత్సరం ప్రాజెక్టుగా వర్క్‌షాపులో వెల్డింగ్ చేసి తయారు చేసేదీ ఇదే. కొంపల్లి దగ్గరి రన్‌వే 9 లాంటి చోట్ల అద్దె కార్టింగ్ నగరానికి ఎప్పటినుంచో తెలుసు. కొన్ని వందల రూపాయలు కడితే కొన్ని ల్యాపులు ఇస్తారు. సొంత కార్టు దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. రేసు ఇంజిన్‌ను గంటల లెక్కన విప్పి బాగుచేయించాలి, టైర్లు అరుగుతాయి, ట్రాక్‌కు తీసుకెళ్లే బండి కావాలి, మెకానిక్ కావాలి. స్కూటర్ పెట్టుకోవడానికే అపార్టుమెంటు అసోసియేషన్‌తో గొడవపడే గాంధీనగర్ సందుల్లో కార్టును ఎక్కడ దాస్తారో ఆలోచించుకోవచ్చు. కాబట్టి మనం మాట్లాడుకునేది అద్దె కార్టు గురించే.

దీన్ని వ్యక్తిత్వానికి ముడిపెట్టడానికి కారణం ఈ పేటలోనే ఉంది. అశోక్‌నగర్, చిక్కడపల్లి స్టడీ హాళ్లలో ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షల కోసం ఏళ్ల తరబడి కూర్చునే వేలమందికి తమ శ్రమ మీద తీర్పు ఎప్పుడొస్తుందో తెలియదు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్‌నే తీసుకోండి. ప్రిలిమ్స్ ఒకసారి పేపర్ లీకేజీతో, మరోసారి హైకోర్టు తీర్పుతో రద్దయ్యాయి. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. అంటే సరిగ్గా చదువుతున్నానా, తప్పుగా చదువుతున్నానా అన్న ప్రశ్నకు జవాబు రాకుండానే రెండేళ్లు గడిచిపోయాయి. ఇంతకాలం జవాబు లేకుండా పనిచేసేవాడిలో రెండు అలవాట్లు పెరుగుతాయి. ఒకటి, కూర్చున్న గంటలనే ప్రగతి అనుకోవడం. రెండు, ఫలితం చెడినప్పుడు కారణాన్ని బయట వెతకడం. తప్పు వాళ్లది అనలేం, వ్యవస్థ అలా తయారుచేస్తుంది. కార్టు ట్రాక్ మీద ఈ రెండూ సాగవు. నలభై యాభై సెకన్లకోసారి, అంటే ల్యాపు ల్యాపుకూ, తీర్పు వస్తుంది, అదీ సెకనులో వెయ్యో వంతు దాకా. ఎంతసేపు నడిపావు అని అక్కడ ఎవరూ అడగరు.

ఆ తీర్పు ఎలా పనిచేస్తుందో ఒక మలుపు దగ్గర ఆగి చూద్దాం. కార్టుకు సస్పెన్షన్ ఉండదు, డిఫరెన్షియల్ ఉండదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి, కానీ ఒకే ఇరుసు మీద అది కుదరదు. అందుకని స్టీరింగ్ తిప్పినప్పుడు లోపలి వెనక చక్రం నేల మీది నుంచి రవ్వంత లేచేలా ముందు చక్రాల అమరిక చేస్తారు. కొత్తవాడికి ఇది తెలియదు. వేగంగా మలుపులోకి దూరి, బండి తిరగడం లేదని స్టీరింగ్‌ను ఇంకా గట్టిగా లాగుతాడు. ముందు టైర్లు జారి కీచుమంటాయి. భయమేసి బ్రేకు తొక్కుతాడు. చాలా అద్దె కార్టులకు బ్రేకు పట్టేది వెనక ఇరుసునే, దాంతో వెనక భాగం గిర్రున తిరిగి బండి అడ్డం పడుతుంది. శబ్దమూ పొగా చూసి తాను బాగా నడిపాననే అనుకుంటాడు. పక్కనే ఎవరో నింపాదిగా వచ్చి, మలుపుకు ముందే నిటారుగా బ్రేకు వేసి, ఒక్కసారే స్టీరింగ్ తిప్పి, ఆలస్యంగా లోపలి అంచు తాకి, బయటికొచ్చేటప్పటికి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి వెళ్లిపోతారు. చూడ్డానికి అందులో ఏమీ ఉండదు. ల్యాపు టైములు రాసిచ్చే షీట్ మీద మాత్రం ఆ మనిషి ముందుంటాడు.

షీట్ కూడా చదవడం రావాలి. ఉదాహరణకు పది ల్యాపులు ఇలా వచ్చాయనుకుందాం: 48.9, 47.2, 46.5, 46.4, 48.8, 46.3, 47.9, 46.6, 49.1, 46.5. బయటికొచ్చి స్నేహితులకు చెప్పుకునేది 46.3 ఒక్కటే. ఇంకొకరి ఉత్తమ ల్యాపు 46.7, కానీ పది ల్యాపులూ 46.7కూ 47.1కీ మధ్యే ఉన్నాయి, సగటు 46.9. పందెం పెడితే రెండో మనిషి ఐదు సెకన్ల ముందు ఉంటాడు. మొదటివాడికి సామర్థ్యం ఉంది, నిలకడ లేదు. ఆ 48.8, 49.1 ల్యాపుల్లో టైము ఎక్కడ పోయిందో గుర్తు చేసుకోగలిగితే, తర్వాతి సెషన్‌కు చేయాల్సిన పని దొరికినట్టే. మాక్ టెస్టులో వచ్చిన అత్యధిక మార్కునే తన స్థాయి అనుకునే అభ్యర్థికి ఈ లెక్క కొత్తేమీ అనిపించదు, కాకపోతే మాక్ టెస్టు షీట్‌ను అంత నిజాయతీగా చదివేవాళ్లు తక్కువ.

డబ్బు సంగతి ఇక్కడే కలుస్తుంది. సెషన్‌కు ఆరేడు వందలు, నెలకు రెండు సెషన్లకు మించి వీలుపడదు అనుకుందాం. అంటే నెలకు ఇరవై ల్యాపులు, పావుగంట డ్రైవింగు. మరీ తక్కువే. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్ సంగీత విద్యార్థుల మీద చేసిన అధ్యయనాన్ని పట్టుకుని, పదివేల గంటల సాధన అనే మాట లోకంలో చెలామణీ అయింది. తన పరిశోధనను అలా కుదించడాన్ని ఎరిక్సన్ తానే తప్పుపట్టాడు. ఒక నిర్దిష్టమైన లోపాన్ని ఎంచుకుని, దాని మీదే మనసు పెట్టి, ఫలితం చూసి సరిదిద్దుకునే సాధనకే ఆయన విలువ ఇచ్చాడు. పావుగంట మాత్రమే చేతిలో ఉన్నవాడికి అలా సాధన చేయక తప్పదు. వెళ్లే ముందు ఒకే ఒక్క పని రాసుకుంటాడు: ఈసారి మూడో మలుపు దగ్గర బ్రేకు రెండు మీటర్లు ముందే వేయాలి, మిగిలినవన్నీ పాత పద్ధతే. పది ల్యాపులయ్యాక ఆ ఒక్కటి మారిందా లేదా చూస్తాడు. బస్సులో తిరిగొస్తూ ట్రాక్ బొమ్మ గీసి, ఎక్కడ చేయి తడబడిందో గుర్తు పెట్టుకుంటాడు. మధ్యలో వచ్చే రెండు వారాలు కూడా ఊరికే పోవు. ఇంట్లో పాత కంప్యూటరుకు ఒక స్టీరింగ్ తగిలించుకున్నా మలుపు గీత అర్థమవుతుంది. కార్ల పందెం వీడియో గేమ్‌లో గెలిచి నిస్సాన్ జీటీ అకాడమీకి 2011లో ఎంపికైన బ్రిటన్ కుర్రాడు జాన్ మార్డెన్‌బరో, 2013 లె మాన్ 24 గంటల పందెంలో తన తరగతిలో మూడో స్థానం తెచ్చుకున్న జట్టులో ఉన్నాడు. అంత దూరం అందరూ వెళ్లరు. కానీ చవకైన రోడ్డు కూడా రోడ్డే.

అద్దె కార్టులన్నీ ఒకేలా ఉండవు కదా, మరి ఆ తీర్పును ఎలా నమ్మడం అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. సాధారణంగా అద్దె బండ్లలో ఉండేది తొమ్మిది హార్స్‌పవర్ లోపు ఇంజిన్. ఒక బండి చైను వదులు, ఒకదాని టైర్లు కొత్తవి. నడిపేవాళ్ల బరువులో ఇరవై కిలోల తేడా ఉంటే అంత చిన్న ఇంజిన్ మీద అది కనబడి తీరుతుంది. అయినా ఈ అసమానతే మంచి పరీక్ష అని నాకనిపిస్తుంది. బండి బాగోలేదు అన్నది ట్రాక్ పక్కన అందరికంటే ఎక్కువగా వినిపించే మాట, అది కొన్నిసార్లు నిజం కూడా. నిజమో కాదో తేల్చుకునే మార్గాలు ఉన్నాయి. అదే నంబరు బండిని ముందు సెషన్‌లో నడిపినవాళ్ల టైము అడగవచ్చు, తర్వాతిసారి బండి మార్చి చూడవచ్చు, అన్నిటికీ మించి తన పది ల్యాపుల మధ్య తేడా చూసుకోవచ్చు. బండి నెమ్మదిదైతే పది ల్యాపులూ నెమ్మదిగా రావాలి. ఐదు బాగుండి ఐదు చెడితే బండిని నిందించే వీల్లేదు. సాకును కూడా ఆధారంతో పరీక్షించే అలవాటు ఒకసారి వచ్చాక, దాన్ని ట్రాక్ దగ్గరే వదిలి రావడం కష్టం.

ఇక పెద్ద అభ్యంతరం: చివరికి ఇది డబ్బున్నవాళ్లదే, పేదవాడికి ఆశ పెట్టడం ఎందుకు? లూయిస్ హామిల్టన్ కథను చాలామంది ఇక్కడ జవాబుగా చెబుతారు. ఎనిమిదేళ్లప్పుడు పాత కార్టుతో మొదలుపెట్టాడు, తండ్రి ఆంథొనీ ఒకటికి మించి ఉద్యోగాలు చేసి నడిపించాడు, తర్వాత ఏడుసార్లు ఫార్ములా-1 విజేత అయ్యాడు. ఈ కథను ఇలా వాడడం నాకు నచ్చదు. పదమూడేళ్లకే మెక్‌లారెన్ అండ దొరకకపోతే ఆ కథ ఎక్కడ ఆగేదో చెప్పలేం, అలా ఆగిపోయినవాళ్ల పేర్లు మనదాకా రావు. జాతీయ స్థాయి పోటీల్లో ఒక సీజన్‌కే లక్షలు కావాలి. అశోక్‌నగర్ హాస్టల్ గది నుంచి ఫార్ములా-1కు దారి ఉందని ఎవరైనా అంటే, ఆ మనిషి ఏదో అమ్ముతున్నాడని అర్థం. నా వాదనకు ఆ దారి అవసరం లేదు. సంపన్న కుటుంబంలో పుట్టిన ఫార్ములా-1 డ్రైవర్ ఐర్టన్ సెన్నా కూడా 1979, 1980ల్లో ప్రపంచ కార్టింగ్ పోటీలో రెండో స్థానంతోనే సరిపెట్టుకున్నాడు, ఆ కిరీటం ఎప్పుడూ దక్కలేదు. డబ్బు ట్రాక్ దాకా తీసుకెళ్తుంది, ఆ తర్వాత మలుపు ఎవరినీ ఖాతరు చేయదు. ఔత్సాహికుడిగా ఆడేవాడికి ఆ మలుపుతో పనే తప్ప కిరీటంతో పని లేదు. త్యాగరాయ గానసభలో పాడే ప్రతివాళ్లూ సినిమాల్లో పాడాలనే పాడరు కదా.

వేగం రుచి మరిగితే రోడ్డు మీద కూడా అలాగే నడుపుతారని ఇంట్లో పెద్దవాళ్లు భయపడతారు. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి వచ్చాక, రాత్రిపూట దాని మీద బైకుల మోత విన్నవాళ్లెవరూ ఈ భయాన్ని తీసిపారేయలేరు. అయితే ట్రాక్ నేర్పేది ఆ బైకర్లకు తెలియనిదే. వెనక వేగంగా వచ్చేవాళ్లు ఉంటే మార్షల్ నీలం జెండా ఊపుతాడు, దారి ఇవ్వాలి. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదముంది, వేగం తగ్గించాలి. మాట వినకపోతే బండి ఆపించి దింపేస్తారు, కట్టిన డబ్బు తిరిగి రాదు. దారి ఇవ్వడం అవమానం అనుకునే మన రోడ్ల అలవాటుకు ఇది విరుగుడు. పైగా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున కూర్చుని యాభై కిలోమీటర్ల వేగంలో జారినవాడికి, అదే వేగంలో బైకు జారితే ఏమవుతుందో ఊహించడం తేలిక. అందరూ మారతారని హామీ ఇవ్వలేను. ముందునుంచే రోడ్డు మీద పందేలు కట్టే కుర్రాణ్ని మాత్రం ట్రాక్‌కు పంపేకన్నా ముందు అతని తాళంచెవులు తీసుకోవడం మేలు.

పరీక్షల వేళ ఇదంతా కాలహరణం కాదా అంటే, పరీక్ష నెలలో ముమ్మాటికీ అవును. ప్రిపరేషన్ ఖర్చుకే ఇంటినుంచి డబ్బు తెప్పించుకుంటున్నవాళ్లు, మెస్ బిల్లు బాకీ ఉన్నవాళ్లు దీని జోలికి రాకూడదు. నెలకు వెయ్యీ పదిహేను వందలు సినిమాలకూ బిర్యానీలకూ పోతున్నాయని తెలిసినవాళ్లకే ఈ మాట. వాళ్లు కూడా కొనుగోళ్లను వరుసలో పెట్టుకోవాలి. మొదటి రెండు మూడు సెషన్లకు ఏమీ కొనక్కర్లేదు. హెల్మెట్ అక్కడే ఇస్తారు, దాని కిందికి తలకు కట్టుకునే గుడ్డ మాత్రం సొంతది ఉంటే మంచిది. జడ ఉన్నవాళ్లు దాన్ని చొక్కా లోపలికి దోపుకోవాలి, చున్నీ తీసేయాలి, ఇరుసు తిరుగుతూ ఉంటుంది. తర్వాత పలుచని అడుగున్న బూట్లు, చేతి తొడుగులు. రెండు మూడు నెలలు కొనసాగిస్తే పక్కటెముకల రక్షణ కవచం కొనాలి, ఎందుకంటే గట్టి సీటు అంచు మలుపు మలుపుకూ పక్కటెముకల మీద నొక్కుతుంది. దాన్ని వాయిదా వేసి రంగురంగుల రేసింగ్ సూటు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. సొంత హెల్మెట్ ఆ తర్వాత. సొంత కార్టు అనే ఆలోచన ఏడాది దాకా రాకుండా చూసుకోవాలి. వచ్చినా, ముందు ఆ ఏడాది షీట్లన్నీ బయటికి తీసి, పదో ల్యాపుకూ మొదటి ల్యాపుకూ తేడా తగ్గిందో లేదో లెక్క చూడాలి.