కోత లేని యేట కోతపండుగ

చదువవలసిన పాఠము: హబక్కూకు 3వ అధ్యాయము, యోహాను 4:5-26.



కిందటి యేడు కోతపండుగ నాడు మన మందిరములో కొన్ని చాపలు ఖాళీగా నుండెను. జ్వరములు తిరుగుచున్న దినములు గనుక జబ్బుచేసెనేమో అని తలంచి, ఆ వారములోనే ఆ యిండ్లకు వెళ్లితిని. జ్వరము కాదు. ఒక తల్లి గడప దగ్గర నిలిచి, "శనక్కాయ ఊడలు దిగే యాళకే చేను ఎండిపాయె గదయ్యా. వట్టి చేతులతో గుడికి ఎట్ల వచ్చేది? తెచ్చినోళ్ల పేర్లు చదువుతారు, మా పేరుండదు. వేలం పాడేకి మా కాడ దుడ్డు లేదు" అని చెప్పెను. వేలము పాడలేని ఆమె కీర్తన పాడుటకును రాలేదు. ఆ గడప దగ్గర నేను ఇయ్యలేకపోయిన జవాబును ఇప్పుడు వ్రాయుచున్నాను.

హబక్కూకు గ్రంథము చిన్నది, మూడే అధ్యాయములు. అది స్తుతితో మొదలు కాదు, ఫిర్యాదుతో మొదలగును. నేనింత మొఱపెట్టుచుండగా నీవు వినవేమి అని ప్రవక్త దేవునినే నిలదీసి అడుగును. కల్దీయులు దండెత్తి వత్తురని తెలిసినప్పుడు అతని ఒడలు వణకెను. ఆ వణకును అతడు దాచుకొనలేదు. అటు తరువాత అంజూరపు చెట్టు మొదలుకొని పశువుల కొట్టమువరకు తనకు లేకపోయిన వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టెను. అంజూరము, ద్రాక్ష అనునవి మనకు దూరపు మాటలుగా తోచవచ్చును గాని ఒలీవను చూడుడి. వారికి కూరలోనికి, దీపములోనికి, తలకు నూనె దానినుండియే. మనకు శనక్కాయ యెట్టిదో వారికి ఒలీవ అట్టిది. పశువులు లేని కొట్టమును గూర్చి నేను మీకు వివరింపనక్కరలేదు. మేత లేక ఎద్దులను సంతకు తోలి, పలుపుతాడు మాత్రము చేత పట్టుకొని తిరిగివచ్చినవారు మనలోనే యున్నారు.

ఆ లెక్క ముగిసిన చోటనే అతడు దేవునియందు సంతోషింతునని చెప్పును. వచ్చే యేటికైనను పంట పండునని చెప్పలేదు. చదువుటలో మనకు జారిపోవు సంగతి ఇంకొకటి కలదు: అధ్యాయపు చివర అది ప్రధాన గాయకునికి అనియు, తంతివాద్యములతో పాడవలసినది అనియు గుర్తు వ్రాయబడెను. అనగా ఆ ఖాళీ కొట్టము మాట ఇంట ఒంటరిగా ఏడ్చుటకు కాదు, సమాజములో అందరును కలిసి పాడుటకు ఇయ్యబడెను. ఆ తల్లి నాతో గడప దగ్గర చెప్పిన మాట మందిరములో చెప్పదగిన మాటయే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. కొన్ని యేండ్ల క్రిందట నేను వేరొక గ్రామములో నుండగా, విత్తనము వేసి నెల దాటినను చినుకు పడలేదు. స్తుతించుడి, స్తుతించినచో దేవుడు వాన ఇచ్చితీరునని బల్లగుద్ది బోధించి, మూడు రాత్రులు కీర్తనలు పాడించితిని. జనులు గొంతు పోవునంతగా పాడిరి. వాన రాలేదు. నాలుగవనాడు ఒక ముసలి తండ్రి నా యొద్దకు వచ్చి, "మా పాట సాల్లేదంటారా అయ్యగారూ?" అని అడిగెను. ఎగతాళికి కాదు, నిజముగానే అడిగెను. నాకు నోట మాట రాలేదు. వాన కొరకు విరాటపర్వము చదివించు పొరుగువారిని చూచి మనము తల పంకించుదుము గదా. నేను చేయించినది దానికి ఏ విధముగా వేరు? స్తుతిని విత్తనముగా చల్లి వానను కోయజూచితిని.

వాన కొరకు ప్రార్థింపవలదని నేను చెప్పుట లేదు. బిడ్డ తండ్రిని అడుగును. అడుగుట వేరు, స్తుతిని వెలగా చెల్లించుట వేరు. మన సీమకు ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వాన కోస్తాలో కురిసి, మిగిలినదే మనకు చేరును. ఇది మన పాటలోని లోపము కాదు. మంచివాని చేనికిని చెడ్డవాని చేనికిని తండ్రి ఒకే వాన పంపునని ప్రభువు కొండమీద బోధించినప్పుడు ఆ బేరపు లెక్కను ఆయనయే కొట్టివేసెను.

మన పెద్దల కాలములో ఇదే ప్రశ్న మరింత కఠినముగా ఎదురాయెను. 1876-78 నాటి ధాత కరువు మాట మీరు వినియుందురు. అనంతపురము అప్పటికి బళ్లారి జిల్లాలోనిది. 1882లో గదా వేరు జిల్లాయైనది. మన సీమను మాడ్చిన ఆ కరువే తూర్పున ఒంగోలు ప్రాంతమును కూడ పట్టెను. అక్కడ అమెరికన్ బాప్తిస్టు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. బాప్తిస్మము అడిగినవారు వేలకొలది. అయినను ఆయన సుమారు పదిహేను నెలలు ఎవరికిని ఇయ్యలేదు. గింజల కొరకు వచ్చినవారెవరో, దేవుని కొరకు వచ్చినవారెవరో తెలియవలెనని ఆయన కనిపెట్టెను. ఆ తరువాత 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో, వెల్లంపల్లి యొద్ద, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్ని నెలలు ఆపుట కొందరికి కఠినముగా తోచును. ఆ మధ్య కాలములో కన్నుమూసినవారి సంగతియేమి అని నేనును తలంచుచుందును. గాని కూలి చేతిలో పడినంతకాలము ఆరాధన యొక్క బరువు తూచలేమని ఆయన ఎరిగెను.

సమరయ స్త్రీతో ప్రభువు మాటలాడినది మధ్యాహ్నపు ఎండలో, బావి దగ్గర. ఆయనకు దాహము. చేతిలో చేద లేదు, తాడు లేదు. అట్లు దాహముతో కూర్చున్నవాడే ఆరాధన యెట్టిదో ఆమెకు నేర్పెను. ఈ కొండా, యెరూషలేమా అను తగవును ప్రక్కన పెట్టి, సత్యముతో ఆరాధించువారిని తండ్రి వెదకుచున్నాడనెను. ఎండిన బావిని నిండిన బావియని పాడుట సత్యము కాదు.

ఈ యేడును ముంగారు మనలను మోసపుచ్చెను. గనుక పెద్దలతో మాటలాడి కోతపండుగలో రెండు మార్పులు చేసితిమి. తెచ్చినవారి పేర్లు ఇకమీదట చదువబడవు. వేలము ఆరాధన నడుమ గాక, ఆశీర్వాదమైన పిమ్మట బయట వేపచెట్టు క్రింద జరుగును. పేర్లు చదువనిచో కానుక తగ్గుననియు, గుడి పైకప్పు బాగుచేయుట నిలిచిపోవుననియు ఒక పెద్ద అభ్యంతరము చెప్పెను. ఆయన మాట నిజమే కావచ్చును. ఇంకొక యేడు పైకప్పు కారనిండు. వాన వచ్చిన గదా కారుట!

ఇంకొకటి. కానుకల వేళ పంట పండినవారును పండనివారును వరుసగా బల్ల యొద్దకు రావలెను. ఏమియు లేనివారు తమ చేనినుండి ఎండిన శనక్కాయ చెట్టు నొకదానిని పెరికి తెచ్చి, మూటల ప్రక్కనే పెట్టవచ్చును. అప్పుడు హబక్కూకు మూడవ అధ్యాయము చదివి, నిలిచి కీర్తన పాడుదుము.

ఈ సంగతి చెప్పుటకు ఆ తల్లి యింటికి మరల వెళ్లితిని. ఆమె వెంటనే సరేయనలేదు. "ఎండిన చెట్టు పెడితే అందరూ నగుతారేమో అయ్యా" అనెను. గుడి వెనుక నేను విత్తిన అరెకరము కూడ ఎండినదే గనుక, మొదటి చెట్టు నేను తెత్తునని చెప్పి వచ్చితిని.