తేడా నెత్తిన ఉండాది

మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. ఉరవకొండ వైపు ఒక పల్లె. రేకుల ఇంట్లో చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఒళ్లంతా చెమటకాయలు. పైన ఫ్యాను తిరుగుతోంది. అది వేడిగాలినే కిందికి తోస్తోంది.

"బిడ్డను నా మిద్దెలోకి తీసుకురామ్మా" అని పక్కింటి నుంచి అత్త పిలిచింది.

అత్తది పాత మట్టిమిద్దె. బిడ్డను అక్కడ పడుకోబెట్టారు. కాసేపటికి ఏడుపు ఆగింది. నిద్రపోయింది.

"రెండిళ్లకూ నడుమ ఒక్క గోడే కదా అత్తా! ఇంత తేడా ఏంది?" అని కోడలు అడిగింది.

"తేడా గోడలో లేదమ్మా, నెత్తిన ఉండాది" అనింది అత్త.

ఆ మాట నిజం. ఎండాకాలంలో వేడి ఎక్కువగా పైకప్పు నుంచే దిగుతుంది. రేకు పలచన. ఎండ తగిలిన కొద్దిసేపటికే కాలుతుంది. కాలిన పెనం దగ్గర చెయ్యి పెడితే, తాకకున్నా సెగ కొడుతుంది. రేకు కూడా బోర్లించిన పెనమే. మట్టిమిద్దె అట్లా కాదు. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన బోద, దాని మీద జానెడు మట్టి, అన్నిటికీ మీద చవుడు. ఇంత మందం దాటి వేడి లోపలికి రావాలంటే గంటలు పడుతుంది. అంతలో పొద్దు గూకుతుంది. గవాచి ఉంటే లోపలి వేడిగాలి అందులో నుంచి పైకి పోతుంది.

మన దేశానికి ఉత్తరాన లడఖ్ ఉంది. అక్కడ లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. వాళ్ల బాధ ఎండ కాదు, చలి. వాళ్లవీ మట్టి మిద్దెలే. దక్షిణం వైపు అద్దాల కిటికీలు పెట్టి పగటి ఎండను లోపలికి రానిస్తారు. మందపాటి మట్టిగోడ ఆ వేడిని దాచుకొని రాత్రికి ఇస్తుంది.

మరి మన మిద్దెలు ఎందుకు తగ్గిపోయాయి? వానకు కారుతాయి. ఏటా చవుడు పోయాలి. దూలాలకు చెద పడుతుంది. కొత్తగా వేయాలంటే కొయ్య కొనలేము. రేకులైతే ఒక్కరోజులో వేసేయొచ్చు. రేకుల ఇంటివాళ్లను తప్పు పట్టడానికి లేదు.

"కంతుల మీద కూలరు తెస్తానంటాండాడు నీ కొడుకు" అనింది కోడలు.

కూలరు మన సీమకు సరిపోయేదే. ఎండాకాలంలో మనది పొడిగాలి. తడిసిన గడ్డి గుండా ఆ గాలి పోతే నీళ్లు ఆవిరై గాలి చల్లబడుతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. సముద్రం పక్క ఊళ్లలో గాలిలోనే తేమ ఎక్కువ. అక్కడ కూలరు అంతగా పనిచేయదు. అయితే కూలరును కిటికీ దగ్గర పెట్టాలి. ఎదుటి తలుపు తెరవాలి. అన్నీ మూస్తే గదంతా ఉక్కపోతే. నీళ్లు పోసేముందు ప్లగ్గు పీకాలి. ఇది మరిచి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

"రోజుకు రెండు మూడు బిందెలు తాగుతాది అది. నాలుగు దినాలకొకసారి కొళాయి వచ్చే ఊర్లో ఆ నీళ్లు ఎవరు మోయల్ల? నువ్వే కదా!" అనింది అత్త. "ముందు రేకు సంగతి చూడండి."

తెల్లని కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. అహమ్మదాబాదులో 2017లో సుమారు 3,000 ఇళ్ల పైకప్పులకు తెల్లరంగు వేశారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. తెల్లపూతతో ఇంట్లో రెండు నుంచి ఐదు డిగ్రీల వేడి తగ్గవచ్చు.

సున్నపురాళ్లను ముందురాత్రే నీళ్లలో వేయాలి. అవి కుతకుత ఉడుకుతాయి. పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు. వెంటనే నీళ్లతో బాగా కడిగి ఆసుపత్రికి పోవాలి. తెల్లారి వడగట్టి, బంక కలిపి రెండు పూతలు వేయాలి. సిమెంటు మిద్దెకు ఇది బాగా పడుతుంది. నున్నని ఇనుప రేకుకు సున్నం నిలవదు, తెల్ల పెయింటు మేలు. సిమెంటు రేకును గీకకూడదు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు. దాని మీద నేరుగా కాలు పెట్టకూడదు, విరిగిపోతుంది. కింద దూలం ఉన్నచోట పలక వేసి, పలక మీదే నడవాలి.

కోడలి ఇంటివి సిమెంటు రేకులు. ఆదివారం చల్లపొద్దున మొగుడు పూత వేశాడు. కోడలు కింద నిచ్చెన పట్టుకుంది. తర్వాత ఇంట్లో రేకు కింద జానెడు ఎడం వదిలి ఈతచాపలు కట్టారు. పొయ్యి వైపు మాత్రం కట్టలేదు.

ఇల్లు మట్టిమిద్దె అంత చల్లగా కాలేదు. కానీ ఫ్యాను గాలి ఇప్పుడు ఒంటిని కాల్చడం లేదు. నడి ఎండలో రెండు గంటలు మాత్రం బిడ్డ ఇంకా అవ్వ దగ్గరే పడుకుంటోంది. కూలరు మాట ఇంకా తెగలేదు.